ఉట్టి దిగింది, పొయ్యి లేచింది

ఓరుగల్లు వైపు ఊరికే ఘనపూర్ అంటే చాలదు, ‘ఏ ఘనపూర్?’ అని అడుగుతారు. కాకతీయుల నాటి కోటగుళ్ళున్నది ములుగు ఘనపూర్. అది ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలు దారిలో ఉన్నది స్టేషన్ ఘనపూర్, జనగామ జిల్లా. మా మేనత్త ఇల్లు ఈ రెండో ఘనపూర్‌లో. ఈ అధ్యాయానికి మూలం ఆ ఇంటి పిల్లి.

బూడిదరంగు మీద నల్లచారల పిల్లి. పెంచుకుందామని తెచ్చింది కాదు. ఒక వానాకాలం తల్లి వదిలిపెట్టి పోతే సజ్జ కింద దొరికింది, అట్లా ఇంటిదైపోయింది. దాని గురించి అత్తమ్మకు ఒకటే ఫిర్యాదు.

“కొడితే పోతది, పండుకుంటే వస్తది. పొద్దుగాల లేసి సూస్తే గట్టు మీద అన్నీ అడుగులే. పాల గిన్నె మూత ఒకదిక్కు, గిన్నె ఒకదిక్కు. దీనికి బుద్ధెట్ల చెప్పాల్నో నువ్వన్న చెప్పు బిడ్డా.”

“ఇదివరకు మీ ఇంట్లో పిల్లులు లేవా అత్తమ్మా?”

“లేకేం? పాతింట్ల పిల్లి లేని రోజే లేకుండె. గని అవి పొయ్యి కాడ పండుకునేటివి. గిన్నెలల్ల మూతి పెట్టకపోయేటివి.”

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఊరు అదే, మనిషి ఆమే, జంతువూ అదే. నలభై ఏళ్ళ కింద గిన్నెల జోలికి రాని పిల్లి ఇవాళ గట్టెక్కి కూర్చుంటోంది. పిల్లి జాతి నలభై ఏళ్ళలో మారేది కాదు. సైప్రస్ దీవిలో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం ఒకటి 2004లో వెలుగుచూసింది. దాని వయసు 9,500 ఏళ్ళు. అడవిపిల్లి ఫెలిస్ లిబికాకూ ఇంటి పిల్లికీ ఒంటి తీరులో ఇప్పటికీ తేడా చాలా తక్కువ. మరి మారిందేమిటి? వంటిల్లు. సమాధానం వెతకాల్సింది అక్కడే.

పాత పెంకుటింటి వంటగదిని ఒకసారి గుర్తు చేసుకుందాం. పొయ్యి నేల మీద ఉండేది. వండే మనిషి పీట మీద కూర్చునేది. రాత్రి మంట ఆరిపోయాక పొయ్యిలో బూడిద చాలాసేపు వెచ్చగా ఉండేది. పిల్లి ఆ బూడిదలో ముడుచుకుని పడుకునేది. పొద్దున పొయ్యి రాజేస్తే తప్ప లేచేది కాదు. అందుకే ఆ పూట ఇంట్లో వంట కాలేదని చెప్పడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అన్నారు తెలుగువాళ్ళు. లేమిని చెప్పే ఆ మాట వెనక ఒక శరీరధర్మం ఉంది. పిల్లి ఒంటి వేడి 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది. వేడి పుట్టించుకోవడానికో చల్లబరుచుకోవడానికో అదనంగా శక్తి ఖర్చు కాకుండా అది హాయిగా ఉండగలిగేది సుమారు 30 నుంచి 38 డిగ్రీల మధ్య. ఎండాకాలం తీసేస్తే మన ఇళ్ళలో రాత్రిపూట అంత వెచ్చదనం ఉండదు, చలికాలంలో అసలే ఉండదు. బూడిదలో పడుకున్న పిల్లిని బద్ధకమని తిట్టేవాళ్ళం గాని, అది చేసింది తిన్న తిండిని పొదుపుగా వాడుకోవడం.

ఇక తిండి విషయం. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, మిగిలిన కూర అన్నీ ఉట్టి మీద ఉండేవి. ఈ ఉట్టి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పటి పిల్లలకు కృష్ణాష్టమి నాడు ఉట్లు కొట్టడమే తెలుసు గాని, ఉట్టి ఎందుకు పుట్టిందో తెలియదు.

దూలానికి వేలాడదీసిన తాళ్ళ అల్లిక ఉట్టి. అందులో కుండ మీద కుండ, పైన మూకుడు. పిల్లికి అందకుండా ఎత్తులో కట్టారు, అంతేగా అనిపిస్తుంది. కానీ ఎత్తు ఒక్కటే అయితే ఉట్టి ఎన్నడో ఓడిపోయేది. ఎదిగిన పిల్లి నిలబడ్డ చోటు నుంచి ఐదడుగులు సులువుగా ఎగురుతుంది. గోడను ఒక్క తన్ను తన్ని ఇంకొంచెం పైకి పోగలదు. ఉట్టి బలం మూడు సంగతుల్లో ఉంది. గోడకు దూరంగా, గది నడిమధ్యలో వేలాడుతుంది కాబట్టి పక్కనుంచి దూకడానికి ఆధారం ఉండదు. తాడు సన్నం కాబట్టి దూలం మీంచి దిగివద్దామన్నా గోళ్ళు పట్టే చోటు చాలదు. అన్నిటికన్నా పెద్దది మూడోది. ఉట్టి ఊగుతుంది. ఎగిరే ముందు పిల్లిని గమనించండి. తల కొంచెం పైకీ కిందికీ ఆడిస్తుంది, వెనక కాళ్ళు సర్దుకుంటుంది, దూరాన్ని అంచనా కడుతుంది. ఆ లెక్కంతా దిగబోయే చోటు కదలకుండా ఉంటేనే పనికొస్తుంది. తగిలిన క్షణాన పక్కకు జరిగిపోయే చోటు మీదికి పిల్లి సాధారణంగా దూకదు. గడియారం లోలకాన్ని నడిపించే సూత్రమే మన అమ్మమ్మల పెరుగును కాపాడింది. ‘పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా’ అన్న సామెత పుట్టిందంటే, ఉట్టి కింద కూర్చుని పైకి చూసే పిల్లిని తరతరాలు చూసి ఉండాలి. తిట్టుకోవడం తప్ప దానికి వేరే దారి లేదని ఆ సామెత కట్టినవాళ్ళకు బాగా తెలుసు.

ఇంకొకటి, ఎత్తు. పిల్లికి ఎత్తైన చోటు కావాలి. తనకంటే చిన్నవాటిని వేటాడే జంతువే, కుక్కలాంటి పెద్దవాటికి చిక్కే జంతువు కూడా. పైనుంచి చూస్తే ఈ రెండు పనులూ సాగుతాయి. పాత ఇళ్ళలో అటుక ఉండేది, గరిసె ఉండేది, వాసాల సందులుండేవి. ధాన్యం ఉన్నచోట ఎలుకలుండేవి. పిల్లి కొలువే అక్కడ.

ఇప్పుడు లెక్క చూడండి. వెచ్చదనం నేల మీద. తిండి గాలిలో. ఎత్తు అటుక మీద. పిల్లికి ఇష్టమైన మూడూ మూడు చోట్ల ఉండేవి, ఆ మూడింట్లో మనిషికి ఇబ్బంది పెట్టేది ఒక్క తిండే. అది అందేది కాదు.

ఆ వంటిల్లు మన కళ్ళముందే లేచి నిలబడింది. దానికి కారణం గ్యాస్. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీదనే పరుచుకుంటుంది. అందుకే స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలంటారు. కట్టెల పొయ్యి ఉన్నచోట, నేల మీద గ్యాస్ స్టవ్ పెట్టకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. మహిళా సంఘాల సభ్యుల ఇళ్ళకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. 2016 మే 1న ఉజ్వల పథకం వచ్చింది. కట్టెల పొగలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆడవాళ్ళకు ఇది ఎంత పెద్ద మార్పో చెప్పడానికి వేరే పుస్తకం కావాలి. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే. గ్యాస్‌తోపాటు ఇంటింటికీ గట్టు వచ్చింది. మొదట్లో నాలుగు ఇటుకల మీద షాబాదు బండ, తర్వాత నాపరాయి, ఆ తర్వాత నున్నటి గ్రానైటు. వండే మనిషి పీట మీంచి లేచి నిలబడింది.

పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లొచ్చాక దూలం పోయింది, దూలంతో ఉట్టి పోయింది. పెరుగు ఫ్రిజ్‌లోకి చేరింది గాని, పొద్దున కాచిన పాలు, మధ్యాహ్నం కూర, మూత పెట్టిన అన్నం అన్నీ చల్లారేదాకా ఉండేది గట్టు మీదే. అటుకలూ గరిసెలూ కూడా పోయాయి. ఇప్పుడు ఇంట్లో పిల్లికి కనిపించే మొదటి ఎత్తైన చోటు గట్టు. వెచ్చగా ఉండేది గట్టు మీది స్టవ్. తిండి ఉన్నదీ దాని మీదే. విడివిడిగా ఉన్న మూడింటినీ మనమే ఒక్క బండ మీదికి చేర్చి, దాన్ని పిల్లి ఎగురుడుకు సరిగ్గా సరిపోయే ఎత్తులో కట్టుకున్నాం.

ఆ ఎత్తు ఎంతో చూద్దాం. మన గట్లు రెండు ముప్పావు అడుగులకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. 85 సెంటీమీటర్లనుకోండి. మూడున్నర కిలోల పిల్లి అంత ఎత్తుకు లేవాలంటే నేలను వదిలే క్షణాన దాని వేగం సెకనుకు సుమారు 4 మీటర్లుండాలి. పట్టే శక్తి 30 జౌళ్ళలోపే. ఒక గ్రాము మాంసకృత్తులను ఒళ్ళు వాడుకుంటే వచ్చే శక్తి దాదాపు 17,000 జౌళ్ళు. అంటే గోరంత చేపముక్క కోసం పిల్లి పదేపదే గట్టెక్కినా దానికి నష్టం లేదు. ఎక్కే కష్టం చూసి అదే మానుకుంటుందని అనుకోవద్దు.

ఎండాకాలంలో ఇంకో తమాషా జరుగుతుంది. ఓరుగల్లు ఎండలు 44 డిగ్రీలు దాటినప్పుడు పిల్లి స్టవ్ దగ్గర ఉండదు. గట్టుకు ఆ చివరన, సింకు పక్కన, కడుపు బండకు ఆనించి బారుగా పడుకుంటుంది. చెక్క కంటే గ్రానైటు వేడిని ఎన్నో రెట్లు త్వరగా లాక్కుంటుంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఆ గోధుమరంగు బండ చలికాలంలో స్టవ్ పక్కన కుంపటి, ఎండాకాలంలో సింకు పక్కన చలువరాయి. ఏడాది పొడుగునా పిల్లికి ఆ గట్టుతో పని ఉంటుంది.

ఇక పాల సంగతి. పిల్లి పాల కోసం వస్తుందని మనకు గట్టి నమ్మకం. నిజానికి ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, తాగితే విరేచనాలవుతాయి. పాల తీపి కూడా వాటికి తెలియదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్ళు 2005లో దీనికి కారణం కనుక్కున్నారు. తీపిని పట్టే గ్రాహకం రెండు ప్రోటీన్ల జంట. అందులో ఒకదాన్ని తయారుచేసే జన్యువులో 247 అక్షరాల ముక్క ఊడిపోయింది. పులికీ చీతాకూ ఇదే లోపం. మాంసమే తిని బతికే వంశంలో తీపి తెలియకపోయినా ప్రాణం పోలేదు, కాబట్టి ఆ జన్యువు మళ్ళీ బాగుపడలేదు. పాలలో పిల్లి వెతికేది కొవ్వు, మాంసకృత్తులు. లడ్డూల డబ్బా మీద నడిచిపోతుందే గాని ముట్టదు, ముడితే నెయ్యి కోసం.

మాంసపు రుచి మాత్రం దానికి బాగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని వాల్తమ్ సంస్థ పరిశోధకులు 2023లో పిల్లి నాలుక మీద ఆ రుచి గ్రాహకాలను పరీక్షించారు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం, ఇనోసిన్ మోనోఫాస్ఫేట్ అనే పదార్థం కలిసి ఉన్న నీళ్ళను పిల్లులు ఎక్కువగా ఇష్టపడ్డాయి. ఈ రెండూ ట్యూనా చేపలో దండిగా ఉంటాయి. ట్యూనా మన చెరువుల్లో దొరకదు గాని, ఘనపూర్ అంగట్లో కొర్రమట్ట కోసే చోట కాళ్ళ చుట్టూ తిరిగే పిల్లుల్ని చూస్తే చేప అంటే వాటికి ఏమిటో తెలుస్తుంది.

ఇక్కడ మన పెంపకంలో ఉన్న లోపం చెప్పక తప్పదు. పిల్లికి పెరుగన్నమో పాలన్నమో పెట్టి, ‘ఇంత పెట్టినా దొంగబుద్ధి పోలేదు’ అంటాం. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి. అది సొంతంగా చాలినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచో చేప నుంచో రావాలి. అది తక్కువైతే కంటిచూపు దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. అన్నం తిని కడుపు నిండిన పిల్లి ఒంటికి ఇంకా ఆకలే. అది గట్టెక్కి చేపల గిన్నె మూత తీస్తే దాన్ని దొంగతనమనడం నాకు న్యాయంగా అనిపించదు.

మరి మానిపించడమెట్లా? తెలుగువాళ్ళందరికీ తెలిసిన పాఠం ఒకటుంది, తెనాలి రామకృష్ణుడి పిల్లి. రాయలవారు ఎలుకల బెడదకు పిల్లినీ, దాని పాలకు ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు కనిపిస్తే చాలు, పారిపోయేది. కథగా నవ్వుకుంటాం. అందులోని మనస్తత్వ శాస్త్రం మాత్రం నిజం. ఒక్క దెబ్బతో ఎప్పటికీ మరిచిపోని భయం పుడుతుంది. అయితే ఆ భయం దేనికి అతుక్కుంటుందో మన చేతిలో లేదు. ఆ పిల్లి ‘పాలు తాగకూడదు’ అని నేర్చుకోలేదు, పాలంటేనే హడలిపోవడం నేర్చుకుంది. గట్టు మీదున్న పిల్లి మీద నీళ్ళు గుమ్మరిస్తే, అట్లకాడ విసిరితే, భయం గట్టుకు కాదు, విసిరిన మనిషికి అతుక్కుంటుంది. ఆ మనిషి లేనప్పుడు, అంటే రాత్రి, గట్టు మళ్ళీ దానిదే. అత్తమ్మ అన్న ‘కొడితే పోతది, పండుకుంటే వస్తది’ అన్న మాటలో ఇదంతా ఉంది. పిల్లి పాఠం బాగానే నేర్చుకుంది. అత్తమ్మ మేలుకొని ఉన్నప్పుడు ఎక్కొద్దన్నదే ఆ పాఠం. పైగా ఒళ్ళు కాల్చడం, కొట్టడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా చేయరాని పని.

పిల్లి ఎట్లా నేర్చుకుంటుందో మొదట లెక్కగట్టి చూసినవాడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1898లో, అమెరికాలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో తన పరిశోధన కోసం చెక్క పెట్టెలు తయారుచేసుకున్నాడు. ఆకలిగొన్న పిల్లిని లోపల పెట్టి బయట చేపముక్క పెట్టేవాడు. లోపల తాడో గొళ్ళెమో సరిగ్గా కదిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఒక పిల్లి మొదటిసారి బయటపడటానికి 160 సెకన్లు తీసుకుంది. 24వ సారికి 7 సెకన్లే. ఏదో ఒక క్షణాన దానికి ఉపాయం తట్టినట్టు ఆ అంకెల్లో కనిపించలేదు. ఫలితం ఇచ్చిన పని కొద్దికొద్దిగా బలపడింది, ఇవ్వనిది కొద్దికొద్దిగా రాలిపోయింది, అంతే. మన గట్టు కూడా ఒక థార్న్‌డైక్ పెట్టెనే. మూతను ఏ పక్కనుంచి మూతితో తోస్తే జారుతుందో పిల్లి అట్లానే నేర్చుకుంటుంది.

ఆ దారిలోనే మరికొంత దూరం పోయిన మనస్తత్వవేత్తలు స్కిన్నర్, ఫెర్‌స్టర్‌లు 1957లో ప్రచురించిన ఫలితాలు మన వంటింటికి ఇంకా దగ్గరివి. చేసిన ప్రతిసారీ ఫలితం దొరికి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోతే జంతువు ఆ పనిని త్వరగా మానేస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికే పనిని మాత్రం ఎంతకూ మానదు. మన ఇళ్ళలో జరిగేది ఈ రెండోదే. ఆరు రోజులు గట్టు తుడిచి పెడతాం. ఏడో రోజు ఆదివారం, చుట్టాలొస్తారు, అలసిపోయి చేపల పులుసు గిన్నె అట్లే వదిలి పడుకుంటాం. ఆ ఒక్క రాత్రితో ఇంకో పదిహేను రోజుల ఆశ దానికి దక్కుతుంది. వారానికి ఒకసారి నిర్లక్ష్యంగా ఉండటం రోజూ ఉండటం కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

పూర్తిగా ఆపేశాక కూడా ఒక ఇబ్బంది ఉంది. దొరికేది ఆగిపోగానే జంతువు ఆ పనిని మానడానికి ముందు ఇంకా గట్టిగా చేస్తుంది. తాళం తిరగకపోతే మనం తాళంచెవిని ఇంకా బలంగా తిప్పమూ? అట్లాంటిదే. నాలుగో ఐదో రాత్రి పిల్లి గిన్నెలు దొర్లిస్తుంది, అరుస్తుంది. చాలామంది ‘ఈ ఉపాయం పనిచేయట్లేదు’ అని చేతులెత్తేసేది ఆ రాత్రే. నిజానికి అది పనిచేస్తున్నదనడానికి గుర్తు.

వాసనలతో తరుముదామని చూసేవాళ్ళున్నారు. నిమ్మతొక్క పెడితే కొన్ని పిల్లులు ముక్కు చిట్లించి పోతాయి, కొన్ని పట్టించుకోవు. కానీ గట్టును ఫినాయిల్‌తో తుడవడం, మూలల్లో కలరా ఉండలు వేయడం మాత్రం ప్రమాదం. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే ఒక కాలేయ ఎంజైమ్ జన్యువు పిల్లి వంశంలో తీపి జన్యువులాగే చెడిపోయి ఉంది. గట్టు మీద నడిచిన పిల్లి తర్వాత పాదాలు నాకుతుంది. మనం తుడిచింది దాని కడుపులోకి పోతుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, అదీ ఈ లోపం వల్లే. గట్టు మీద మాత్రల పట్టీ పడేసే అలవాటున్న ఇళ్ళు దీన్ని గమనించాలి. ఇంకొకటి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉల్లిగడ్డ పడని కూర మన ఇళ్ళలో ఎన్ని? గట్టు మీది కూరను దాచడం పిల్లి మేలు కోసం కూడా.

నిప్పు సంగతి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2019 జనవరి నుంచి 2021 నవంబరు దాకా పిల్లుల వల్ల ఇళ్ళలో 107 అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి అగ్నిమాపక విభాగం తేల్చింది. వేలు తగిలితే వెలిగే కరెంటు పొయ్యిలను పిల్లి పాదం వెలిగించింది. సగానికి పైగా సంఘటనల్లో ఇంట్లో మనుషులు లేరు. మన గ్యాస్ స్టవ్ నాబ్ నొక్కి తిప్పితే గాని తిరగదు కాబట్టి అంత భయం లేదు. అయినా రాత్రి రెగ్యులేటర్ కట్టేయడం పిల్లి లేని ఇంట్లో కూడా మంచి అలవాటు.

రోగాల మాటకొస్తే, ఇంట్లో గర్భిణి ఉందని తెలియగానే పిల్లిని సంచిలో వేసి ఊరవతల వదిలి వచ్చే పద్ధతి ఉంది. దానికి కారణంగా చెప్పేది టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి. 1908లో ట్యునిస్‌లో నికోల్, మాన్సో దాన్ని ఒక ఎలుకజాతి జంతువులో చూశారు. అది సంతతిని పెంచుకునే చోటు పిల్లి పేగు అని 1970లో తేలింది. తేల్చినవాళ్ళలో భారతదేశంలో పుట్టిన జితేందర్ దూబే ఒకరు. భయపడాల్సింది ఎంతవరకో తెలుసుకుందాం. సోకిన పిల్లి సాధారణంగా జీవితంలో ఒకేసారి, ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే మలంలో ఆ గుడ్లను వదులుతుంది. ఆ గుడ్లు వెంటనే సోకవు, ఒకటి నుంచి ఐదు రోజులు బయట పడి ఉంటేనే సోకే స్థితికి వస్తాయి. పిల్లి మలాన్ని ఆ ఇంట్లో ఇంకొకరు రోజూ ఎత్తేస్తే, మాంసం బాగా ఉడికిస్తే, కూరగాయలు కడిగితే, మట్టి పని తర్వాత చేతులు కడుక్కుంటే గర్భిణికి రక్షణ ఉంటుంది. అయితే మలాన్ని మట్టిలో పూడ్చి వచ్చిన పాదాలే గట్టు మీదికీ వస్తాయి. చపాతీ పిండి బండ మీద వత్తే ముందు సబ్బునీళ్ళతో ఒకసారి తుడవడం అందుకే. పిల్లి గీరితేనో కరిస్తేనో మాత్రం తాత్సారం వద్దు. సబ్బుతో పావుగంట ధారకింద కడిగి, రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి పోవాలి.

అత్తమ్మ ఇంట్లో మేం చేసింది నిజానికి కొత్తదేమీ కాదు. పాత వంటింట్లో మూడు చోట్ల ఉన్న మూడింటినీ మళ్ళీ విడదీశాం. ముందు తిండి. రాత్రి పడుకునే ముందు గట్టు మీద ఎంగిలి గిన్నె కూడా లేకుండా సర్ది, కూరలు ఫ్రిజ్‌లోకో చిలుకు ఉన్న అలమరలోకో పంపాం. పిల్లికి చీకటి పడ్డాక, మనం తినే ముందే, ఉప్పూకారం ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన చేపతలో కోడి కార్జమో కొంచెం పెట్టాం. కార్జం రోజూ వద్దు, అతిగా పెట్టినా చెడుపే. ఒక్కసారే బోలెడు కాకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం. ఒక్కో ఎలుకను పట్టి రోజుకు ఎన్నోసార్లు తినే జంతువు అది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఇంటి పిల్లుల మీద ఒక పరిశీలన చేశారు. మాంసం ఎక్కువున్న తిండి పెట్టిన ఇళ్ళలో పిల్లులు వేటాడి తెచ్చే జీవాలు 36 శాతం తగ్గాయి. రోజూ ఐదు పది నిమిషాలు ఆడించిన ఇళ్ళలో 25 శాతం తగ్గాయి. గట్టు గురించి వాళ్ళు చూడలేదు. కానీ ఒంటికి కావలసింది దొరికిన పిల్లి తిండి కోసం తిరగడం తగ్గిస్తుందన్న నా నమ్మకానికి అది బలమిచ్చింది. ఆడించే పని అత్తమ్మ మనవరాలు తీసుకుంది. కొబ్బరి తాడుకు కోడి ఈక కట్టి రోజూ వరండాలో పరుగెత్తించేది.

తర్వాత ఎత్తు. కిటికీ పక్కన పాత చెక్కపెట్టె మీద ఇంకో పెట్టె ఎక్కించి, గట్టు కంటే జానెడు ఎత్తుగా చేశాం. జానెడు ఎత్తు అని ఊరికే అనలేదు. గట్టు కంటే తక్కువైతే అది గట్టునే ఎంచుకునేది. అక్కడినుంచి వీధి, వేపచెట్టు మీది ఉడతలు కనిపిస్తాయి. చివరికి వెచ్చదనం. ఆ పెట్టె మీద మడిచిన గోనెసంచి, దానిమీద మామయ్య పాత ఉన్ని కంబళి ముక్క. ఎండలు ముదిరాక కంబళి తీసేసి, నేల మీద సింకు గొట్టం దగ్గర ఒక నాపరాయి పలక వేశాం.

వీధిలోంచి వచ్చిపోయే పిల్లులకు ఇదంతా పనిచేయదు. వాటికి మన ఇంట్లో తిండి పెట్టే వేళలుండవు, ఆశలే ఉంటాయి. పిల్లి కాలర్ ఎముక భుజానికి గట్టిగా అతుక్కుని ఉండదు కాబట్టి తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా పడుతుంది. కిటికీకి జాలీ కొట్టించడం ఒక్కటే దారి. అత్తమ్మ ఇంట్లో వెంటిలేటర్‌కు కూడా కొట్టించాల్సి వచ్చింది.

ఐదో రాత్రి గిన్నెల మోత వినిపించింది. అత్తమ్మ కర్ర పట్టుకుని లేచింది. వద్దని కూర్చోబెట్టాను. దొర్లినవి ఖాళీ గిన్నెలు, కడిగి ఆరబెట్టడానికి పెట్టినవి. పిల్లి గట్టంతా నాలుగుసార్లు తిరిగి, సింకులో నీటిచుక్క నాకి, దిగిపోయింది. ఆ వారం ఇంకో రెండు రాత్రులు ఎక్కింది. మూడో వారానికి గ్రానైటు మీద అడుగులు లేవు.

చేప కోసే రోజు మాత్రం లెక్క వేరు. కొర్రమట్ట సంచి గుమ్మం దాటగానే అది ఎక్కడున్నా లేచి వచ్చి కాళ్ళకు రాసుకుంటుంది. అందుకని అత్తమ్మ ఇప్పుడు కత్తిపీట తీయకముందే తలకాయ ముక్క ఒకటి ఉడకబెట్టి, ముళ్ళు తీసి, చల్లార్చి, ఆ కిటికీ పెట్టె మీది సత్తు గిన్నెలో పెడుతుంది. తర్వాతే చేపను నీళ్ళలో వేస్తుంది.